విశాఖ నుంచి భీమిలి దాకా: కెరటాల లెక్క చూసుకుంటూ నాలుగు రోజులు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే పాతిక కిలోమీటర్ల దారిని చూడటానికి ఎక్కువమంది కార్తీకం వెళ్ళాక బయలుదేరతారు. మేము మాత్రం మా బావగారి కుటుంబంతో కలిసి జూన్ చివరి వారంలో వెళ్ళాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. అది ముగిసిన వెంటనే వెళితే చేపల రేవు కళకళలాడుతుందని, గదుల అద్దెలూ దిగి ఉంటాయని మా ఆలోచన. రెండూ నిజమే అయ్యాయి. అయితే నైరుతి గాలుల కాలంలో ఈ తీరం ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా కొంత తెలుసుకోకపోయి ఉంటే, ఒకచోట మా ప్రాణాల మీదకే వచ్చేది.

మన కోస్తాలో చాలాభాగం ఇసుక పర్రలు, మడ అడవులు, నదీ ముఖాలు. కొండలు నేరుగా సముద్రంలోకి దిగే చోట్లు విశాఖ చుట్టుపక్కలే ఎక్కువ. యారాడ పక్కన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన ఋషికొండ, ఆపైన మంగమారిపేట రాళ్ళు అన్నీ తూర్పు కనుమల ఖొండలైట్ రాతివే. ముందుకు పొడుచుకొచ్చిన రాతి మీద కెరటాల శక్తి అంతా వచ్చి పడుతుంది. రెండు కొనల మధ్య ఇసుక ఒంపుల్లో ఒడ్డుకెక్కిన నీరు ఒక ఇరుకు దారి చూసుకుని బలంగా వెనక్కి పోతుంది. ఈ లాగుడు పడేచోట నురగ తక్కువగా, నీరు నిమ్మళంగా కనిపించడం వల్ల, ఈత రానివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు.

ప్రయాణానికి వారం ముందు నుంచే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచనలు చూడటం మొదలుపెట్టాను. ఇది భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పనిచేసే సంస్థ. ఉచితంగానే కెరటాల ఎత్తు, వాటి వ్యవధి, వచ్చే దిక్కు, గాలి, ప్రవాహం అన్నీ చెబుతుంది. వాయుగుండాలు, తుపానుల సంగతి విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం చూసుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఆకాశం నీలంగా ఉండి, బంగాళాఖాతంలో అల్పపీడనం మాటే లేని రోజున కూడా ఒడ్డు ప్రమాదకరంగా ఉండవచ్చు.

ఇక్కడ కాస్త వివరం అవసరం. సూచనలో రెండు మీటర్లు అని ఉంటే అన్ని కెరటాలూ రెండు మీటర్లని కాదు. వాటిలో పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు అది, విడిగా వచ్చే ఒక్కో కెరటం దానికి దాదాపు రెట్టింపు కూడా ఉండవచ్చు. అంతకంటే ముఖ్యమైనది వ్యవధి, అంటే ఒక కెరటానికీ మరొక కెరటానికీ మధ్య గడిచే సెకన్లు. దగ్గరి గాలి లేపిన కెరటానికి అది ఆరేడు సెకన్లు. దక్షిణ మహాసముద్రపు తుపాను గాలుల నుంచి వారం రోజులు ప్రయాణం చేసి మన తీరానికి చేరే దూరపు కెరటానికి పద్నాలుగు, ఒక్కోసారి పద్దెనిమిది సెకన్లు. లోతు నీటిలో ఎనిమిది సెకన్ల కెరటం పొడవు వంద మీటర్లయితే, పద్నాలుగు సెకన్లదానికి మూడు వందల మీటర్లు. అంత నీరు కదిలి వచ్చి రాతికి తగిలినప్పుడు ఎత్తు తక్కువైనా దెబ్బ ఎక్కువ.

మొదటి రోజు రామకృష్ణా బీచి దగ్గర, రోడ్డుకు ఇవతలి వైపున్న మధ్యరకం హోటల్లో దిగాం. గది అద్దె రెండు వేల మూడు వందలు, ఉదయం టిఫిను కలిపి. పెసరట్టు బాగుంది, లిఫ్టు బాగాలేదు. ఆ రోజు సూచన రెండు మీటర్లు, ఏడు సెకన్లు. గాలి జోరుగా వీచి నీరంతా తెల్లగా, చూడటానికి భయంకరంగా ఉంది కానీ కెరటాలు దూరంగానే విరిగి ఒడ్డుకు నీరసంగా చేరుతున్నాయి. ఈ బీచిలో ఇసుక కథ కూడా చెప్పదగినది. ఓడరేవు గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఆపేస్తాయి కనుక, రేవులో తవ్విన ఇసుకను పంపుల ద్వారా ఇక్కడికి తెచ్చి పోస్తారు. 1933లో ప్రారంభమైన ఈ రేవుకు రక్షణగా రెండు పాత ఓడలను ముంచారని మా బావగారికి చెబితే, సాయంత్రమంతా ఆయన ఆ మాటే తలచుకున్నారు. ఈ బీచిలోనే మ్యూజియంగా నిలిపిన కురుసురా జలాంతర్గామిని చూడటానికి మాత్రం సోమవారం వెళ్ళవద్దు. ఆ రోజు మూసి ఉంటుంది.

రెండో రోజు ఋషికొండ దాటాక ఒక ప్రైవేటు రిసార్టుకు మారాం. ఆరున్నర వేలు పోసి సముద్రం కనిపించే గది తీసుకున్నాం. ఉప్పుగాలికి కిటికీ గొళ్ళేలు తుప్పుపట్టి తలుపు మూసుకోవడం లేదు. రాత్రంతా దుప్పటి చెమ్మగానే ఉంది. ఆ లోపాన్ని సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మరొకటి. ఉదయం కౌంటరులోని కుర్రవాడు ఫోనులో అంకె చూసి, 'నిన్న రెండు మీటర్లు సార్, ఇవాళ ఒకటిన్నరకు తగ్గింది, హాయిగా రాళ్ళ దగ్గరకు వెళ్ళండి' అన్నాడు. అతడు చదవనిది ఆ పక్కనే ఉంది: వ్యవధి ఏడు నుంచి పద్నాలుగుకు పెరిగింది.

మంగమారిపేటలో రోడ్డు దిగి, రాతి తోరణం వైపు నడిచి, పైనే ఆగి గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. పదమూడు, పద్నాలుగు, పదమూడు. మధ్యలో నీరు అద్దంలా ఉంది. ఎనిమిది నిమిషాలపాటు మోకాలు లోతుకు మించి ఏదీ రాలేదు. ఇంతలో దూరంగా నీటి మీద వరసగా మూడు గీతలు లేచాయి. మొదటిది రాతిని తడిపింది, రెండోది దాని మీద నడిచింది, మూడోది తోరణం పక్కన, నిమిషం కిందట ఒక జంట ఫొటో దిగిన బండను పూర్తిగా ముంచి, వెనక్కి జారుతూ చెప్పు ఒకటి తీసుకుపోయింది. వలలు సరిచేసుకుంటున్న పెద్దాయనను 'ఇవాళ ఇలా ఉందేమిటి తాతా?' అని అడిగితే, 'గాలి కెరటం చెప్పి వస్తాది బాబూ, ఇది చెప్పకుండా వస్తాది' అన్నాడు. ఆరిన రాయి మీద నల్లటి తడి గీత ఎంత పైకి ఉందో చూసి, దానికి పైనే నిలబడమని కూడా ఆయనే చెప్పాడు. నేను వారం రోజులుగా ఫోనులో చదివినదానికంటే ఆ తడి గీత ఎక్కువ పనికొచ్చింది.

అదే మధ్యాహ్నానికి బీచి దగ్గర మోటారు పడవ షికారుకు ముందే డబ్బు కట్టి ఉన్నాం. ఎర్ర జెండా ఎగురుతున్నా నిర్వాహకులు ఎక్కమనే అన్నారు. ఇచ్చిన లైఫ్ జాకెట్లలో రెండింటికి బకిల్ లేదు, తాడుతో కట్టుకోమన్నారు. మేము వద్దంటే సగం సొమ్మే వెనక్కి ఇస్తామన్నారు. అరగంట వాదించాక మొత్తం ఇచ్చారు, ముఖాలు మాడ్చుకుని. పడవ షికారుకు ముందుగా డబ్బు కట్టవద్దని, అక్కడికి వెళ్ళి జెండా చూశాకే మాట్లాడుకోమని నా సలహా. ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అంటే శుభ్రత, భద్రత చూసి బీచిలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఈతకు గీసిన హద్దులు, కాపలాదారులు ఉన్నచోటే పిల్లలను దింపాలి. మాకు కనిపించిన కాపలా కుర్రవాళ్ళు ఈల ఊది ఊది అలసిపోతున్నారు, జనం మాత్రం వినడం లేదు.

మూడో రోజు యారాడ వెళ్ళాలనుకుని మానుకున్నాం. మూడు వైపులా కొండలున్న ఆ ఒంపు అందమే, కానీ దీర్ఘ వ్యవధి కెరటాల రోజున అక్కడి లాగుడు చెడ్డది. బదులుగా తొట్లకొండ ఎక్కాం. నీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్ల వల్లే దానికి ఆ పేరు. కొండ మీద నుంచి చూస్తే దక్షిణపు కెరటాల వరసలు ఒంపులోకి తిరుగుతూ వంగడం స్పష్టంగా కనిపించింది. కింద ఒడ్డున నిలబడితే ఇది తెలియదు.

ఆ సాయంత్రం భీమిలిలో పద్దెనిమిది వందల అద్దెకు పాత మేడలో గది దొరికింది. గోస్తని సముద్రంలో కలిసేచోటుకు నడిచి వెళ్ళవచ్చు. ఏసీ చప్పుడు ఎక్కువ, నీళ్ళు కొంచెం ఉప్పన. కానీ ఇంటామె వీధి గుమ్మం పక్కన పలక మీద ఆ రోజు పోటు, ఆటు వేళలు సుద్దతో రాసి పెడుతుంది. ఆమె భర్త పడవ మీద పనిచేసిన రోజుల అలవాటట. రోజుకు రెండు పోట్లు, మరునాటికి సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. ఆ ఊళ్ళో సంగతులన్నీ హుద్‌హుద్‌కు ముందు, హుద్‌హుద్ తర్వాత అనే లెక్కలో చెబుతారు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజున ఎగిరిపోయిన రేకులు ఎక్కడ దొరికాయో ఆమె మాకు చూపించింది. మూడు బసల్లో మళ్ళీ వెళ్తే దిగేది ఇక్కడే.

నాలుగో రోజు పొద్దున ఎర్రమట్టి దిబ్బల్లో గంటసేపు తిరిగాం. వాన పడి ఉండటంతో గాడుల్లో కాళ్ళు జారాయి, చెప్పులు రంగు మారాయి. సూచనలో ఎత్తు ఒకటిన్నర మీటర్లే ఉన్నా, వ్యవధి తొమ్మిదికి దిగింది. పలక మీది లెక్క ప్రకారం ఆటు మధ్యాహ్నం పన్నెండున్నరకు. తిరుగు దారిలో మళ్ళీ మంగమారిపేట దగ్గర ఆగాం. తడి గీత మొన్నటికంటే మూడడుగులు కిందికి ఉంది. గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు కూర్చున్నాక, పెద్ద వరస ఏదీ రాలేదని నిశ్చయించుకుని, ఒకరి వెనక ఒకరం తోరణం కిందికి నడిచాం. రాతి అడుగున గుల్లలు గరుకుగా తగిలాయి. మొన్నటి చెప్పు అక్కడ లేదు.