మెక్‌షేన్ బైబిలు పట్టిక: ఒక కండక్టర్ రివ్యూ

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక బైబిలు వచనం వేసిన కార్డు) తీసుకుని, "ఈ ఏడాది బైబిలు మొత్తం చదివేస్తాను" అనుకోని క్రైస్తవుడు మా గుంటూరులో దొరకడం కష్టం. ఆదికాండము హుషారుగా సాగుతుంది. నిర్గమకాండములో ఎర్రసముద్రం దాటేదాకా ఢోకా లేదు. తర్వాత దేవుని ఆరాధనకు కట్టిన గుడారం కొలతలు మొదలవుతాయి, లేవీయకాండము స్టేజీ వచ్చేసరికి సగం మంది దిగిపోతారు. ఏ రోజు ఏ అధ్యాయం చదవాలో చెప్పి, అలా దిగిపోకుండా చివరిదాకా తీసుకెళ్తామనే పట్టికలు చాలా ఉన్నాయి. మా ఇంట్లో నిలబడింది మాత్రం మెక్‌షేన్ పట్టిక ఒక్కటే. దాని మంచీ చెడ్డా చెబుతాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. ఒకరోజు తెల్లారకముందే డ్యూటీ, ఇంకోరోజు నైట్ అవుట్. అంటే బస్సు ఏదో పల్లెలో ఆగితే రాత్రికి అక్కడే పడుకుని, పొద్దున్నే మొదటి ట్రిప్పు తీసుకురావాలి. కాబట్టి "రోజూ ఉదయం ఐదింటికి ప్రశాంతంగా కూర్చుని..." అని మొదలయ్యే సలహాలు నాకు పనికిరావు. ఏ పద్ధతి అయినా నా డ్యూటీ చార్టుతో పొసగాలి. ఈ రివ్యూ రాస్తున్నది అలాంటి మనిషని గుర్తుపెట్టుకుని చదవండి.

ఈ పట్టిక వేసినాయన పేరు రాబర్ట్ ముర్రే మెక్‌షేన్. స్కాట్లండ్‌లో డండీ ఊళ్లో సెయింట్ పీటర్స్ చర్చి పాస్టరు. తన సంఘం వాళ్ల కోసం 1842 చివర్లో, వచ్చే ఏడాది చదువుకోవడానికని దీన్ని తయారుచేశాడు. 1843 మార్చి 25న టైఫస్ జ్వరంతో చనిపోయాడు, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన పట్టిక ప్రకారం ఆ తేదీకి నిర్గమకాండమే ఇంకా పూర్తికాదు. మా లూథరన్ వాళ్లకి ఈ 1842తో ఇంకో లంకె ఉంది. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది ఆ సంవత్సరం జులై 31నే. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదనుకోండి, అయినా ఆ సంవత్సరం చూడగానే ఆ కాగితం నాకు మన వీధిదే అనిపించింది.

పద్ధతి ఇది. రోజుకు నాలుగు చోట్ల చదవాలి. జనవరి 1న ఆదికాండము 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. నాలుగూ ఆరంభాలే: లోకం పుట్టడం, యేసు పుట్టడం, యూదులు చెర నుంచి తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టడం, సంఘం మొదలవడం. మొదటి రెండూ కుటుంబంతో కలిసి, మిగతా రెండూ ఎవరికి వాళ్లు ఏకాంతంగా చదవాలి. ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. లెక్క వేస్తే 1,599 అధ్యాయాలు. అందుకే కొన్ని రోజుల్లో రెండు అధ్యాయాలు కలిపేస్తాడు, 119వ కీర్తన లాంటి పెద్దవాటిని రోజులకు విడగొడతాడు.

నాకు ఇందులో నచ్చింది ఒక్కటే, అదే పెద్దది. ఏం చదవాలో నేను ఎంచుకోను. పైగా నేను ఎన్నడూ పక్కపక్కన పెట్టని భాగాలు ఒకేరోజు ఎదురవుతాయి.

ఏప్రిల్ 15 సంగతి చూడండి. ఆ రోజు కుటుంబ భాగం లేవీయకాండము 19, దాని పక్కనే కీర్తనలు 23, 24. "యెహోవా నా కాపరి" అనే ఇరవైమూడో కీర్తన తెలియని ఇల్లు మనలో ఉండదు. క్యాలెండరు మీద, గడియారం మీద, పెళ్లికార్డు మీద, సమాధి రాయి మీద అదే. మా ఆవిడ దాన్ని చూడకుండా చెప్పేస్తుంది. లేవీయకాండము పందొమ్మిదిని మాత్రం ఎవరూ ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోరు. తలనెరిసినవాళ్ల ముందు లేచి నిలబడమనేది ఆ అధ్యాయంలోనే ఉంది. చెవిటివాణ్ణి తిట్టొద్దని, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టొద్దని, పరదేశిని మనవాడిలాగే ప్రేమించమని కూడా అక్కడే ఉంది. చివర్లో తూకాల సంగతి వస్తుంది, త్రాసూ గుండ్లూ న్యాయంగా ఉండాలని. అది చదివి కాపరి కీర్తన అందుకుని, ఆపకుండా ఇరవైనాలుగులోకి వెళ్తే, దేవుని పర్వతం ఎక్కదగినవాడెవడు అనే ప్రశ్నకు చేతులు నిర్దోషంగా ఉన్నవాడని జవాబు వస్తుంది.

చేతులు అనగానే మా అమ్మాయి నా క్యాష్ బ్యాగు వైపు చూసి నవ్వింది. "చిల్లర సంగతే నాన్నా" అంది.

బస్సెక్కినవాళ్లందరికీ తెలిసిందే. చిల్లర లేకపోతే ఇవ్వాల్సింది టికెట్టు వెనకాల రాసి ఇస్తాం. దిగేటప్పుడు గుర్తుండి అడిగేవాళ్లు అడుగుతారు, హడావుడిలో మర్చిపోయేవాళ్లు మర్చిపోతారు. ఫోనులో డబ్బులు కొట్టడం వచ్చాక ఈ గొడవ తగ్గింది గానీ, పల్లెవెలుగు ఎక్కే ముసలివాళ్లలో చాలామంది దగ్గర ఇప్పటికీ నోట్లే. అందుకని పెద్ద స్టేజీ వచ్చే ముందు బస్సు మధ్యలో నిలబడి, "చిల్లర రావాల్సినవాళ్లు టికెట్లు తీయండమ్మా, తీయండయ్యా" అని పిలవడం అలవాటు చేసుకున్నాను. బస్సు ఆగాక పిలిస్తే ఎవరికీ వినపడదు, ఆగకముందే పిలవాలి. సీనియర్ సిటిజన్ల సీట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న కుర్రాణ్ణి లేపేటప్పుడు కూడా ఇప్పుడు నా గొంతు పెరగదు. లేపడం మాత్రం మానను, అది కూడా పందొమ్మిదో అధ్యాయమే.

మన వాగ్దానం కార్డుల పని వేరు. ఏరి తీసిన వచనాలు వాటిలో ఉంటాయి. "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అనేది ఏటా ఎంతమందికి వస్తుందో చెప్పలేం. అది ద్వితీయోపదేశకాండము 28లో పదమూడో వచనం. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. పద్నాలుగో వచనంతో దీవెనలు అయిపోతాయి, పదిహేను నుంచి చివరిదాకా శాపాలే. మెక్‌షేన్ దాన్ని జూన్‌లో రెండు రోజులకు విడగొట్టాడు. రెండో రోజు వంతుకు వచ్చేది 20 నుంచి 68 వరకు, ఒక్క దీవెన కూడా ఉండదు. మా ఇంట్లో అది చదివిన రోజు అమ్మాయి, "మరి ఇవి కార్డుల మీద ఎందుకు వేయరు నాన్నా?" అని అడిగింది. ఎవరు కొంటారమ్మా అన్నాను. కార్డులు తప్పని నేననను, మా ఇంటి ఫ్రిజ్ మీద కూడా ఒకటుంది. కానీ తలగా ఉండడానికి ముందు దేవుని ఆజ్ఞలు విని అనుసరించాలనే షరతు ఉందని కార్డు చెప్పదు, పట్టిక తప్పించుకోనివ్వదు.

మెక్‌షేన్ చెప్పిన లాభాల్లో ఇంకోటి నాకు నిజంగా అనుభవంలోకి వచ్చింది. సంఘంలో అందరూ ఒకేరోజు ఒకే భాగం చదివితే, మంద ఏ బీడులో మేస్తోందో పాస్టరుకు తెలుస్తుంది, ఎదురుపడ్డప్పుడు మాట్లాడుకోవడానికి ఉంటుంది అన్నాడాయన. మా సంఘంలో అంతమంది చదవరు. మా మరదలు మాత్రం కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తూ, మాతోపాటు చదువుతోంది. జనవరి 11న ఆదికాండము 12, నెహెమ్యా 1 కలిసి వస్తాయి. అబ్రాముకు (తర్వాత అబ్రాహాము అయినాయన) నీ దేశం విడిచి వెళ్లమని పిలుపు వచ్చేది ఒకచోట, పరాయి రాజు కొలువులో ఉన్న నెహెమ్యాకు యెరూషలేము గోడలు కూలాయని కబురు తెలిసేది ఇంకోచోట. ఆ రాత్రి పని అయిపోయాక వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది: "అబ్రాహాము గురించి అందరూ చెబుతారు బావా. నెహెమ్యా ఊరి కబురు విని కూర్చుని ఏడ్చాడని నాకెవరూ చెప్పలేదు." ఈ వచనం మీద ఏ ప్రసంగికుడు చెప్పినా నాకు ఇంత పట్టేది కాదు.

ఇక చెడ్డ సంగతులు. మెక్‌షేన్ ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాడు. ఆ రోజుల్లో స్కాట్లండ్ సంఘం క్రిస్మస్, ఈస్టర్ పండగలు చేసేది కాదు. ఆయన పట్టికలో పండగల ఊసే లేదు. లూకా రెండో అధ్యాయంలో గొర్రెలకాపరులు ఫిబ్రవరి మధ్యలో వస్తారు. డిసెంబరు 25న కుటుంబ భాగంలో ఏముందో తెలుసా? ప్రకటన గ్రంథము 16. దేవుని కోపపు పాత్రలు ఏడూ ఆ రోజే కుమ్మరిస్తారు, కురుపులు లేస్తాయి, నదులు రక్తమవుతాయి. కొత్త బట్టలు వేసుకుని గుడికి బయల్దేరే పిల్లలకు ఇది వినిపిస్తారా? మేం వినిపించం. పండగ రోజుల్లో సంఘం ఇచ్చే పాఠాలే చదివి, పట్టికలోది మర్నాటికి తోస్తాం. మంచి శుక్రవారానికీ అంతే. సంఘ క్యాలెండరు ప్రకారం నడిచే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ ఇళ్లలో ఈ ఇబ్బంది ఏటా తప్పదు.

కుటుంబ భాగం, ఏకాంత భాగం అని పెట్టిన విభజన కూడా అన్నిచోట్లా కుదరలేదు. పరమగీతము ఏకాంతంలో పెట్టాడు, మంచిదే. న్యాయాధిపతులు 19 మాత్రం కుటుంబంలో పడింది. ఆ అధ్యాయం చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు, చదవనివాళ్లు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తెరవకండి. లేవీయకాండము 15, 18 కూడా అందరి ముందు గట్టిగా చదవడానికి ఇబ్బందే. చిన్నపిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లెవరో ముందురోజే ఒకసారి చూసి పెట్టుకోవాలి.

విసుగు పుట్టేవి కూడా ఉంటాయి. మార్చిలో అమ్మాయికి టెన్త్ పరీక్షల టెన్షన్, మాకేమో గుడారం తెరలు, కొలుకులు, మూరల లెక్క. ఏప్రిల్ 30న సంఖ్యాకాండము 7, మొత్తం 89 వచనాలు. పన్నెండు గోత్రాల ప్రధానులు రోజుకొకరు వచ్చి అవే వెండి గిన్నెలు, అవే పొట్టేళ్లు తెస్తారు, గ్రంథం ఒక్కటీ వదలకుండా పన్నెండుసార్లూ రాస్తుంది. నాలుగో గోత్రానికే నా గొంతు నీరసించింది. మా అత్తయ్య మాత్రం మంచం మీద లేచి కూర్చుంది. "ఇవి పెళ్లిలో చదివింపులు కదా బాబూ! అందరూ నూటపదహార్లే ఇచ్చినా ఎవరి పేరు వాళ్లు మైకులో వినాలిగా. ఒక్కడి పేరు ఎగ్గొట్టి చూడు, పందిట్లో ఎంత గొడవవుతుందో." మిగతా ఎనిమిది గోత్రాలూ పేరుపేరునా గట్టిగా చదివాను.

అన్నిటికంటే పెద్ద లోపం బరువు. నాలుగు అధ్యాయాలు పైకి చదవడానికే చాలా టైము పడుతుంది, ఆలోచించడానికి టైము వేరే. ఈ సంగతి మెక్‌షేనే ముందు ఒప్పుకున్నాడు. పట్టికతోపాటు ప్రమాదాలు కూడా రాసిచ్చాడు: మొక్కుబడి చదువు, చదివానన్న గొప్ప, ధ్యాస లేని చదువు, మోయలేని కాడి. అమ్మే సరుకు మీద ఇంత నిజాయితీగా హెచ్చరిక రాసిన కంపెనీ నాకు తెలియదు. ఫోనులో వచ్చే యాప్‌లు దీనికి విరుద్ధం. వరుసగా ఎన్ని రోజులు చదివావో అంకె చూపించి మెచ్చుకుంటాయి, ఒక్కరోజు నైట్ అవుట్‌లో సిగ్నల్ లేకపోతే సున్నాకు దించేస్తాయి. నాకు కాగితమే నయం, మిస్సయినా ఏమీ అనదు.

నా సలహా, రెండేళ్లు తీసుకోండి. ఒక ఏడాది కుటుంబ భాగాలు, మరుసటి ఏడాది ఏకాంత భాగాలు. రోజుకు రెండే. నేను నైట్ అవుట్‌లో ఉన్నప్పుడు ఇంట్లో అమ్మాయి చదువుతుంది, నేను బస్సులో లైటు కింద అదే చదువుకుంటాను. తప్పిపోయిన రోజుల్ని వెనక్కి వెళ్లి పూడ్చవద్దు, ఇవాళ్టి తేదీ ఏదుంటే అక్కడే ఎక్కండి. జనవరి దాకా ఆగక్కర్లేదు. కొత్తగా నమ్మినవాళ్లకు మాత్రం ఇది ఇవ్వను, వాళ్లకు మార్కు సువార్త నెమ్మదిగా చదవడం మేలు.

ధర విషయానికొస్తే, పాతకాలపుది కాబట్టి హక్కుల గొడవ లేదు, జిరాక్స్ ఖర్చే. ఇంటర్నెట్‌లో దొరికే చాలా కాగితాల్లో పుస్తకాల పేర్లు ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో ఉంటాయి, అత్తయ్యలాంటివాళ్లు చదవలేరు. తెలుగులో టైపు చేయించి, ఏ4 మీద కాకుండా ఏ3 మీద తీయించండి. కొన్నిటిలో కుటుంబం, ఏకాంతం అనే రెండు శీర్షికలు తీసేసి నాలుగు గడులూ ఒకేలా వేస్తున్నారు. అలాంటిది చేతికొస్తే మొదటి రెండు గడుల మీద పెన్నుతో "ఇంట్లో" అని రాసుకోండి.