నెల నెలా 9న గర్భిణుల క్లినిక్: ముప్పై అయిదు దాటినవారికి ఎంతవరకు అక్కరకొస్తుంది

వయసు 37. ఉద్యోగం లేదు, ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సూ లేదు. ప్రైవేటులో ఒక్కో చెకప్‌కు ఫీజు, టెస్టులు, మందులు కలిపి లెక్కేసుకుంటే గుండె జారిపోతుంది. ఇలాంటి గర్భిణి ముందుగా వాడుకోవాల్సింది ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్. 2016లో మొదలైన ఈ కార్యక్రమం కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో, పీహెచ్‌సీల్లో గర్భిణులను డాక్టరే చూస్తారు. 9 ఆదివారమో సెలవో అయితే మర్నాడు పనిదినాన జరుగుతుంది. మార్కులు వేయమంటే ఐదుకు నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో తెలుసుకుని వెళ్లడం మాత్రం ముఖ్యం.

అది పోయింది టైమింగ్ దగ్గర. ఈ క్లినిక్ ప్రధానంగా నాలుగో నెల నుంచి ఉన్నవారి కోసం పెట్టింది. ముప్పై అయిదు దాటినవారికి మాత్రం తొలి మూడు నెలల్లోనే చేయాల్సిన పనులున్నాయి. ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచి డౌన్ సిండ్రోమ్ లాంటి ముప్పును అంచనా వేసేది) 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్యే చేయాలి. ఆ గడువు దాటితే ఆ కొలత ఇక పనికిరాదు. గర్భంలో బీపీ పెరిగే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి, అంటే వయసుతో పాటు తొలి కాన్పు, అధిక బరువు లాంటివి తోడైనవారికి, డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. దాన్ని 12 వారాలు దాటాక, వీలైతే 16లోపే మొదలుపెట్టాలి. సొంతంగా వేసుకోకూడదు గానీ, అడగడం మీ హక్కు. కాబట్టి పీరియడ్ తప్పగానే 9వ తేదీ కోసం ఆగకండి. ఏఎన్ఎం (ఉపకేంద్రంలోని నర్సు) దగ్గర పేరు నమోదు చేయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి.

9న ఉదయాన్నే వెళ్లడం మంచిది. ఓపీ చీటీ, బరువు, బీపీ, రక్తం, మూత్రం అయ్యాక, రిపోర్టులు చేతికొచ్చాకే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రిపోర్టు లేకుండా డాక్టర్‌ను కలిస్తే ఆ చెకప్ సగమే అయినట్టు. మెట్లెక్కి వచ్చిన వెంటనే బీపీ చూస్తే ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, ఆ తర్వాతే చేయి చాపండి. హడావుడిలో సిబ్బంది ఈ మాట చెప్పకపోవచ్చు.

ఈ సర్వీసులో అన్నిటికంటే విలువైనది కార్డు మీద అంటించే చిన్న స్టిక్కర్. ముప్పు లేనివారికి పచ్చది, హైరిస్క్ గర్భిణికి ఎర్రది. గర్భంలో వచ్చే బీపీకి నీలం, షుగర్, థైరాయిడ్ లాంటి జబ్బులు తోడుంటే పసుపు. ముప్పై అయిదు దాటితే ఎర్రది రావాలి. ఎర్రది చూసి కంగారు పడే కుటుంబాలున్నాయి, ‘ఈ వయసులో ఎందుకమ్మా’ అనే నోళ్లూ ఉన్నాయి. కానీ ఆ ఎర్ర స్టిక్కర్ ఉన్న గర్భిణి పేరు విడిగా జాబితాలోకెక్కుతుంది. 2022లో వచ్చిన మార్పుల ప్రకారం అదనంగా మూడు విజిట్లు వస్తాయి, ఆశా కార్యకర్త వెంట వస్తారు. అంటించకపోతే అడిగి అంటించుకోండి.

షుగర్ పరీక్ష తప్పుగా జరిగే అవకాశం ఎక్కువ, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. అంతా 5 నుంచి 10 నిమిషాల్లో తాగేయాలి. పరగడుపున ఉండనక్కర్లేదు. తాగడం మొదలుపెట్టిన రెండు గంటలకు రక్తం తీస్తారు, 140 లేదా ఆపైన వస్తే గర్భిణీ షుగర్‌ కిందే లెక్క. అరగంటలోపు వాంతి అయితే ఆ రోజు పరీక్ష చెల్లదు, మర్నాడు మళ్లీ చేయాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి, అటూ ఇటూ తిరిగినా, మధ్యలో ఏదైనా తిన్నా అంకె మారిపోతుంది. మొదటి విజిట్‌లో బాగుందని వదిలేయకుండా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. రద్దీలో రెండోసారి చేయడం మర్చిపోతారు, గుర్తుచేయాల్సింది మీరే.

మాత్రల దగ్గర కూడా ఓ పొరపాటు జరుగుతుంది. ఐరన్ మాత్ర, రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఒకే కవర్‌లో పెట్టి ఇస్తారు, ఇంటికొచ్చి మూడూ ఒకేసారి మింగేస్తారు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, టీ కూడా అంతే. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో కాల్షియం, పడుకునే ముందు ఐరన్ అని పెట్టుకుంటే గొడవ ఉండదు. విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు ఐరన్ మాత్రలు ఇస్తారు. నెల గడిచినా పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి అడగండి.

టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసేది) 18–20 వారాల మధ్య చేయాలి. పీహెచ్‌సీలో ఇది ఉండదు, ఏరియా లేదా జిల్లా ఆస్పత్రికి రాసిస్తారు. అక్కడి క్యూ దృష్టిలో పెట్టుకుని 16వ వారంలోనే చీటీ రాయించుకోండి. తెలంగాణలో చెకప్‌లకు తీసుకెళ్లి తిరిగి దింపడానికి 102 వాహనం ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో కాన్పయ్యాక ఇంటికి దింపడానికి 102. నొప్పులు మొదలైతే రెండుచోట్లా 108. ప్రభుత్వ ఆస్పత్రిలో సిజేరియన్ అయినా, రక్తం ఎక్కించినా, మందులైనా డబ్బు కట్టనవసరం లేదు. భోజనం కూడా నార్మల్ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు పెట్టాలి.

కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొస్తారు. ఆ రాకలో చూపంతా బిడ్డ మీదే ఉంటుంది. వయసు మీరిన తల్లికి బీపీ కాన్పు తర్వాత కూడా పెరగవచ్చు. విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పైకడుపులో నొప్పి వస్తే బాలింత నీరసమని సరిపెట్టుకోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గర్భంలో షుగర్ వచ్చినవారు ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక డబ్బు సంగతి. ప్రధానమంత్రి మాతృ వందన కింద తొలి బిడ్డకు రెండు విడతల్లో డబ్బు వస్తుంది, మొదట 3,000 రూపాయలు, తర్వాత 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. మొదటి విడతకు, చివరి పీరియడ్ నుంచి ఆరు నెలల్లోపు పేరు నమోదై కనీసం ఒక చెకప్ అయి ఉండాలి. అర్హతకు రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, లేదా కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపని ధ్రువపత్రం, వీటిలో ఒకటి చాలు. డబ్బు ఆగిపోయేది ఎక్కువగా బ్యాంకు దగ్గరే. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన చాలదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో, అంటే మీ ఆధార్ మీద వచ్చే సొమ్ము ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పే నమోదులో, ఆ ఖాతాయే ఉండాలి. వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచినప్పుడు ఒక్కోసారి మ్యాపింగ్ అటు మారిపోయి, సొమ్ము ఆ ఖాతాలో పడుతుంది. దరఖాస్తుకు ముందే బ్యాంకుకెళ్లి ఏ ఖాతా ఉందో చూసుకోండి. రెండో విడతకు బిడ్డ జనన ధ్రువపత్రం, 14 వారాల వరకు పడే టీకాలు కావాలి. 14వ వారం టీకా వేయించిన రోజే కార్డులోని ఆ పేజీ జిరాక్స్ తీసి ఇచ్చేయండి.