బుధవారం రాత్రి ఏడింటికి ఉచిత ఇంగ్లీషు క్లాసు: టోక్యోలో నా పది నెలల అనుభవం

మేం టోక్యోలో నిషి కసాయిలో ఉంటాం. తోజాయ్ లైన్ మీద ఉన్న ఈ స్టేషన్ చుట్టుపక్కల మన దేశం కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలుగు వాళ్ళూ బాగానే కనిపిస్తారు. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇక్కడికి వచ్చిన కొత్తలో అందరూ జపనీస్ నేర్చుకో అన్నారు. కూరగాయలు కొనడానికి, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పడానికి అది కావాలి, కొంచెం నేర్చుకున్నాను. కానీ నాకు నిజంగా భయం వేసేది పాప స్కూల్లో. అది ఇండియన్ స్కూలు, పేరెంట్స్ మీటింగ్ మొత్తం ఇంగ్లీషులోనే. టీచరు అడిగినదానికి తల ఊపి బయటికి వచ్చేసి, మెట్ల మీద ఏడ్చిన రోజులున్నాయి.

ముందు డబ్బు కట్టి ఆన్‌లైన్ క్లాసులో చేరాను. పేరు రాయను. మూడు నెలలు రోజుకో కొత్త టీచరు, తెర మీద ఉన్న వాక్యాలు చదివించడం, టైమ్ అయిపోయింది అని కట్ చేయడం. నాకేం రాదో వాళ్ళకు ఎప్పుడూ తెలియలేదు. మానేస్తానంటే డబ్బు వెనక్కి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు.

కిందటేడు జూన్‌లో, వానాకాలం మొదలైన రోజుల్లో, స్టేషన్ మెట్ల దగ్గర ఇద్దరమ్మాయిలు రెయిన్‌కోట్లు వేసుకుని, సైకిళ్ళు పక్కన నిలబెట్టి కాగితాలు పంచుతున్నారు. తలకి హెల్మెట్లు, గుండెల మీద నల్ల పేరు పట్టీలు. కాగితం మీద 'మురియో ఎయికైవా' అని ఉంది, అంటే ఉచిత ఇంగ్లీషు సంభాషణ. నా చేతిలో ఉల్లిపాయల సంచీ ఉంటే ఒకమ్మాయి కాగితం మడిచి తడవకుండా సంచీలో లోపలికి పెట్టింది. ఆ చిన్న పని చూసే నేను వెళ్ళాను.

వీళ్ళు అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు. జనం మార్మన్‌లు అంటారు. వాళ్ళు మాత్రం తమ సంఘాన్ని పూర్తి పేరుతో పిలవమని కోరతారు. తెలుగులో అది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 2018లో వాళ్ళ అధ్యక్షుడే ఈ సంగతి గట్టిగా చెప్పాడట. ముఖ్య కార్యాలయం యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ. క్లాసు జరిగేది వాళ్ళ చర్చిలోనే, మా ఇంటికి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. చర్చి అంటే మన ఊరి చర్చిలాంటిది ఊహించుకుని వెళ్ళాను. శిలువ ఎక్కడా లేదు. వాళ్ళు శిలువ పెట్టరట.

క్లాసు ఇలా ఉంటుంది. బుధవారం రాత్రి 7 నుంచి 8. ఫీజు లేదు, పుస్తకాలు కొనక్కర్లేదు, పెన్ను తీసుకెళ్తే చాలు. బాగా వచ్చినవాళ్ళు, కొంచెం వచ్చినవాళ్ళు, అసలు రానివాళ్ళు అని మూడు గదులు. నేను మూడో గదిలో చేరి ఇప్పుడు రెండో గదిలో ఉన్నాను. నాతో పాటు రిటైరైన జపాన్ పెద్దాయన ఒకరు, సూపర్ మార్కెట్‌లో పనిచేసే ఆవిడ, ఒక వియత్నాం కుర్రాడు. ఒక్కో టీచరుకి నలుగురైదుగురికి మించి ఉండం. చివర్లో పది నిమిషాలు వాళ్ళ మత గ్రంథమైన మార్మన్ గ్రంథం నుంచి ఒక మాట చదివి ప్రార్థన చేస్తారు. అది ఇష్టమైతేనే, ముందే లేచి వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటి రోజే జరిగిన ఒక సంగతి చెప్పాలి. నా పక్కన కూర్చున్న టీచరు ఐడహో నుంచి వచ్చిన అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి. పొద్దున్న ఏం తిన్నారని అడిగితే 'ఎగ్' అన్నాను. తల పక్కకు వంచి మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాను. నా నోట్లోంచి వచ్చేది 'యెగ్' అట. నా చెవికి రెండూ ఒకటే. ఎల్లుండి అన్నా యెల్లుండి అన్నా మనకు తేడా ఏముంది? ఆ అమ్మాయి బ్యాగులోంచి చిన్న గుండ్రటి అద్దం తీసి నా ముందు పెట్టింది. నోరు ముందే తెరిచి పెట్టుకుని, అప్పుడు శబ్దం చేయమంది. అద్దంలో చూస్తే మాట మొదలు కాకముందే నా దవడ ముడుచుకుంటోంది. అందులోంచే ఆ 'య' వస్తోంది. ఎగ్, ఎవ్రీ, ఎగ్జామ్, ఎలివేటర్. పావుగంట అవే నాలుగు మాటలు. విసుగు లేదు, గడియారం చూడటం లేదు. డబ్బు కట్టిన చోట మూడు నెలల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

ఆ అద్దం ఎందుకని అడిగితే, తన జపనీస్ 'ర' కోసం అంది. అమెరికా వాళ్ళ 'ర' నాలుకను వెనక్కి తిప్పి పలికేది, జపాన్‌లో అలా అంటే కుదరదు. మన 'ర'కీ జపాన్ 'ర'కీ దూరం తక్కువ. నాలుక కొస పైన ఒక్కసారి తగిలి వచ్చేయాలి. రామ, రవ్వ, రాగి అని నేను అని చూపించాను. ఆ రోజు నుంచి క్లాసు అయ్యాక ఐదు నిమిషాలు నేను టీచరుని.

ఆ ఐదు నిమిషాల మాటల్లోనే వాళ్ళ జీవితం నాకు తెలిసింది. మగపిల్లలు రెండేళ్ళు, ఆడపిల్లలు 18 నెలలు ఈ మిషనరీ పని చేస్తారు. ఏ దేశం అన్నది వాళ్ళు కోరుకునేది కాదు, పైనుంచి ఉత్తరం వస్తుంది. ఈ అమ్మాయి జపాన్ పేరు చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయిందట. యూటాలో ప్రోవో అనే ఊళ్ళో కొన్ని వారాలు భాష నేర్పి విమానం ఎక్కించారు. ఉదయం 6:30కి లేవాలి, కాస్త వ్యాయామం, చదువు, భాష, తర్వాత రోజంతా సైకిల్ మీదే. రాత్రి తొమ్మిదీ తొమ్మిదిన్నరకల్లా గదికి చేరాలి, 10:30కి లైటు ఆర్పాలి. ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి. ఆ రెండో మనిషిని 'కంపానియన్' అంటారు, ఆ మనిషిని ఎంచుకునే వీలు కూడా లేదు. సినిమాలు లేవు, ప్రేమలు లేవు, ఈత కూడా లేదు. సోమవారం మాత్రం సొంత పనుల రోజు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, ఇంటికి ఫోను. వారానికోసారి ఫోను కూడా 2019 ఫిబ్రవరి నుంచే వచ్చింది. అంతకు ముందు క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి, అంతే. పాప పుట్టినప్పుడు నేను ఆరు నెలలు పుట్టింట్లో ఉంటే మా ఆయన రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేవారు. ఏడాదికి రెండే రెండుసార్లు గొంతు వినే తల్లులు ఎలా ఉండేవాళ్ళో అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

జీతం ఇస్తారేమో అనుకున్నాను. ఇవ్వరు సరికదా, ఖర్చు వాళ్ళో వాళ్ళ ఇంట్లోవాళ్ళో పెట్టుకోవాలి. అమెరికా పిల్లలకు నెలకు 400 డాలర్లు ఉండేది, 2020 జూలై నుంచి 500 చేశారు. టోక్యో అయినా, చవకగా బతికే దేశమైనా కట్టేది అంతే. ఈ అమ్మాయి రెండేళ్ళు బేకరీలో తెల్లవారుజామున పనిచేసి దాచుకుంది. నేను ఉచితం అనుకుంటున్న క్లాసు నిజానికి ఎవరి కష్టంతో నడుస్తోందో తెలిశాక, ఒక్క బుధవారం కూడా ఊరికే మానలేదు.

అందరూ వాళ్ళను 'షిమాయి' అని పిలుస్తారు, అంటే సిస్టర్. మగపిల్లలయితే 'చోరో', అంటే ఎల్డర్. పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పెద్ద అని పిలవడం నాకు మొదట నోరు తిరగలేదు. కానీ ఈ దేశానికి వాళ్ళ మిషనరీలు మొదటిసారి యోకొహామాలో దిగింది 1901 ఆగస్టులో, నలుగురు. అందరికన్నా చిన్నవాడు ఆల్మా టేలర్, అప్పటికి పందొమ్మిదేళ్ళు. 1910 దాకా ఇక్కడే ఉండిపోయి, వాళ్ళ గ్రంథాన్ని జపనీస్‌లోకి మార్చాడు, అది 1909లో అచ్చయింది. తర్వాత 1924లో ఇక్కడి పని మూసేసి, యుద్ధం అయ్యాక 1948లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇదంతా చర్చి హాల్లో ఒక పాత ఫొటో కింద నిలబడి ఆ పెద్దాయన నాకు చెప్పారు. ఆయన ఆ మతం వారు కాదు, నాలాగే ఇంగ్లీషు కోసమే పన్నెండేళ్ళుగా వస్తున్నారు.

అక్టోబరులో ఒక శనివారం ఇద్దరు షిమాయిలను భోజనానికి పిలిచాను. రాగానే టీ పెట్టాను, మన ఇళ్ళల్లో చేసే అల్లం టీ. ఇద్దరూ చేతులు జోడించి వద్దన్నారు. నాకు మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చినవాళ్ళు టీ కాదంటే మనకెలా ఉంటుందో తెలుసు కదా. ఐడహో అమ్మాయి నా మొహం చూసి వెంటనే లేచి వంటింట్లోకి వచ్చింది. టీ, కాఫీ, మందు, పొగాకు మాకు నిషేధం, మీ చేతి టీ అని కాదు, గ్రీన్ టీ కూడా తాగం అని నెమ్మదిగా, నాకు అర్థమయ్యే మాటలు వెతుక్కుని చెప్పింది. బార్లీ నీళ్ళు తాగొచ్చట. నా దగ్గర అవి లేవు. పెరుగు చిలికి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి మజ్జిగ ఇచ్చాను. చెరో రెండు గ్లాసులు తాగారు. గుత్తి వంకాయ, పప్పు, గోంగూర అన్నీ తిన్నారు, గోంగూర దగ్గర కళ్ళనీళ్ళు వచ్చినా ఆపలేదు. గిన్నెలు తోమకుండా మేం వెళ్ళం అని పట్టుబట్టారు. పెళ్ళి కాని ఆడపిల్లలు వచ్చి గిన్నెలు తోమడమేంటి అని నేనంటే, మా అమ్మ కూడా ఇలాగే అంటుంది అని ఐడహో అమ్మాయి నవ్వింది.

ఆ రోజే ఆమె ఫోనులో తెలుగు చూపించింది. వాళ్ళ గ్రంథం తెలుగులో ఉంది. మన బైబిల్ తెలుగులాగే పాతకాలపు వాక్యాలు. ఒక పేజీ నేను గట్టిగా చదివితే ఇద్దరూ అర్థం కాకపోయినా కదలకుండా విన్నారు. ఇండియాలో వాళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడిందట. నాకు అంతవరకు తెలియదు.

మతం సంగతి దాపరికం లేకుండా చెప్తాను, ఎందుకంటే మీరు అడిగే మొదటి ప్రశ్న అదే. వాళ్ళు వచ్చింది మత ప్రచారానికే, ఇంగ్లీషు క్లాసు అందులో ఒక భాగం. మా గురించి తెలుసుకుంటారా అని నన్ను రెండుసార్లు అడిగారు. నేను వెంకటేశ్వరస్వామిని నమ్ముకున్నదాన్ని, అదే చెప్పాను. మూడోసారి అడగలేదు, క్లాసులో నా మీద శ్రద్ధా తగ్గలేదు. మొహమాటం ఎక్కువ ఉన్నవాళ్ళు మాత్రం మొదటి రోజే మీ మాట స్పష్టంగా చెప్పేయండి, వాళ్ళు బాధపడరు.

ఇంక లోటుపాట్లు. వీళ్ళు పిల్లలే తప్ప శిక్షణ పొందిన టీచర్లు కాదు. 'సిన్స్' ఎక్కడ వాడాలి, 'ఫర్' ఎక్కడ వాడాలి అంటే సరిగ్గా వాడి చూపిస్తారు, కారణం చెప్పలేరు. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలకు ఇది సరిపోదు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది బదిలీలు. ఆరు వారాలకోసారి ఎవరు ఏ ఊరు వెళ్ళాలో మారుతుంటుంది. ఒక బుధవారం మీతో నవ్వుతూ మాట్లాడిన అమ్మాయి పై బుధవారానికి రెండు సూట్‌కేసులతో ఇంకో ఊళ్ళో ఉంటుంది. కొత్త టీచరు రాగానే మళ్ళీ మీ పేరేంటి, ఏ దేశం అన్న దగ్గర మొదలు. పది నెలల్లో నాకు ఆరుగురు మారారు. దానికి నేనొక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను, ఇంతవరకు ఏం నేర్చుకున్నానో రాసి కొత్తవాళ్ళకు మొదటి రోజే చూపిస్తాను. మీరూ అలా చేయండి, రెండు వారాలు మిగులుతాయి.

జనవరిలో ఐడహో అమ్మాయి కూడా వెళ్ళిపోయింది. దానికి ముందు వారం పాప స్కూలు మీటింగ్ ఉంది. ఆమె టీచరుగా కూర్చుని, నేను తల్లిగా కూర్చుని, ముప్పావుగంట ఆ ఒక్క మీటింగ్ ప్రాక్టీసు చేయించింది. పాప లెక్కల్లో ఎందుకు వెనకబడింది, ఇంట్లో నేనేం చేయాలి, ఈ రెండూ అడగాలనుకున్నాను. శుక్రవారం స్కూల్లో రెండూ అడిగాను. టీచరు జవాబు చెప్పింది, అర్థమైంది, ఇంకో ప్రశ్న కూడా అడిగాను. ఎగ్జామ్ అనే మాట వచ్చినప్పుడు ముందే నోరు తెరిచి పెట్టుకున్నాను.

నేనయితే ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది బదిలీలకే. మీ ఊళ్ళో ఉందో లేదో తెలియాలంటే సాయంత్రం స్టేషన్ దగ్గర హెల్మెట్, నల్ల పేరు పట్టీ ఉన్న పిల్లలు కనిపిస్తే ఆగి అడగండి.

మొన్న వచ్చిన కొత్తమ్మాయి అరిజోనా నుంచి, జపాన్‌లో దిగి మూడు వారాలే అయింది. 'ర' అస్సలు పలకడం లేదు. వచ్చే బుధవారం పది నిమిషాలు ముందు రమ్మన్నాను. అద్దం నేనే తీసుకెళ్తున్నాను.