కార్తీక మాసం సంగమేశ్వరం ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

కర్నూలు చుట్టూ రెండు రోజుల టూర్ అని ఫోన్లలో ఒక ప్రకటన తెగ తిరుగుతోంది. కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాక్ గార్డెన్, బెలూం గుహలు, సప్తనదీ సంగమేశ్వరం, అన్నీ కలిపి మనిషికి 3,800 రూపాయలు. పైన పెద్ద అక్షరాలతో ‘కార్తీక మాసం స్పెషల్’. కింద సంగమేశ్వరం గుడి ఫొటో, గర్భగుడి దాకా మెట్లతో సహా కనిపిస్తూ. ఆ ఫొటో వేసవిలో తీసింది. కార్తీకంలో ఆ గుడి మామూలుగా నీళ్లలో ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. సంగమేశ్వరం శ్రీశైలం డ్యాం బ్యాక్ వాటర్‌లో ఉంది, ఇప్పటి నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలో. కృష్ణకు వరదొచ్చి డ్యాం నిండితే (పూర్తి మట్టం 885 అడుగులు) గుడి శిఖరంతో సహా మునిగిపోతుంది. మట్టం తగ్గేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి వేపమొద్దు శివలింగం ఉన్న గర్భగుడి బయటపడతాయి. చాలా ఏళ్లు అది ఫిబ్రవరి, మార్చిలో జరుగుతుంది, వరదను బట్టి ముందూ వెనకా అవుతుంది. జులై, ఆగస్టుల్లో మళ్లీ మునక. టూర్ల వ్యాపారం చేసేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. ఆ దారిలో మేకలు కాసే పిల్లాడికి కూడా తెలుసు.

ఆ ప్యాకేజీలోనే మేం అనంతపురం నుంచి వెళ్లాం, మా అత్తమ్మ, మామయ్యలతో. సంగమేశ్వరం రోజున అత్తమ్మ తెల్లారకముందే తలస్నానం చేసి, ఉపవాసంతో, 365 వత్తుల కట్ట, నెయ్యి, టెంకాయ సంచిలో పెట్టుకుని బండెక్కింది. ఆత్మకూరు దాటి గట్టు దగ్గర దిగితే ఎదురుగా సముద్రంలా నీళ్లు. డ్రైవర్ చెయ్యి చాపి, ‘అదో, ఆ నీళ్ల కిందనే గుడి’ అన్నాడు. మాకు మాట రాలేదు. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వాపుకోలేక, ‘ఇప్పుడేం కనపడుతుందమ్మా, శివరాత్రి పోయినాక రాండి’ అన్నాడు. చివరికి గట్టు పైనున్న ఉమామహేశ్వరుడి గుడిలో దీపం పెట్టింది అత్తమ్మ. కింది గుడి మునిగినన్నాళ్లూ పూజలు అక్కడే అట.

అంతలో ప్యాకేజీవాళ్ల మనిషి వచ్చి, తలా 300 ఇస్తే పడవలో గుడి మీదుగా తిప్పుతానన్నాడు! పడవలో ఒక్క లైఫ్ జాకెట్ లేదు. మేం ఎక్కలేదు, దయచేసి మీరూ ఎక్కకండి.

నిర్వాహకుడికి ఫోన్ చేస్తే, ‘మేము సంగమేశ్వరం చూపిస్తామన్నాం సార్, గుడి బయట ఉంటుందని ఎక్కడ రాశాం?’ అని ఎదురు ప్రశ్న. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ముందు రోజు కూడా ఏమంత గొప్పగా లేదు. ‘గైడ్‌తో కర్నూలు కోట’ అన్నారు. విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలపు కొండారెడ్డి బురుజు ముందు బండి ఆపి ఫొటోలు దిగమన్నారు, గైడ్ జాడే లేదు. బెలూం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర లోపలికి పోనిస్తారు. గుహల అడుగునున్న పాతాళగంగ దాకా దిగి రావాలంటే తీరిగ్గా నడవాలి. లోపల ఉక్క, పెద్దవాళ్లకు ఆయాసం. కర్నూలు నుంచి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేయించి, మూసే వేళకు దించి, నలభై నిమిషాల్లో రమ్మన్నారు. టికెట్ ప్యాకేజీలోనే ఉందని రాసి, గేటు దగ్గర మళ్లీ వసూలు చేశారు. దారిలో తిన్న జొన్నరొట్టె మాత్రం అద్భుతం, అది కూడా డ్రైవర్ తనకు తెలిసిన హోటల్‌కు తీసుకెళ్లాడు కాబట్టి.

కర్నూలు చూడదగ్గ ఊరే. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. తుంగభద్ర ఒడ్డు, ఒకప్పటి కర్నూలు పాలకుడు అబ్దుల్ వహాబ్ సమాధి, ఓర్వకల్లు రాళ్లు ఒక కారు మాట్లాడుకుని హాయిగా చూసుకోవచ్చు. సంగమేశ్వరం దొరకని నెలల్లో వెళ్తే జగన్నాథగట్టు ఎక్కండి. శ్రీశైలం ముంపులో పోవాల్సిన రూపాల సంగమేశ్వరాలయం అనే వేరే గుడిని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. అలాగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురంలో నిలబెట్టారు, నది దాటితే చాలు. ఈ రెండింటికీ డ్యాం మట్టంతో పని లేదు. మా ప్యాకేజీలో ఈ రెండూ లేవు, విచిత్రం.

సంగమేశ్వరమే కావాలంటే, పేపర్లో రోజూ వచ్చే శ్రీశైలం నీటిమట్టం చూడండి. 885కి దగ్గర్లో ఉంటే ఎవరేం చెప్పినా ఆగండి. ప్యాకేజీవాళ్లను వాట్సాప్‌లో ఒక్క ప్రశ్న అడగండి: ‘గుడి కనిపించకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా?’ మాటల్లో కాదు, రాతలో జవాబు కావాలనండి. బిల్లు ఇవ్వకుండా సొంత యూపీఐ నంబరుకు అడ్వాన్స్ పంపమంటే అక్కడే వదిలేయండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు. మేం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసి, ఫొటో, పేమెంట్ రసీదు, నీళ్ల ముందు తీసిన వీడియో జతచేశాం. ఫిర్యాదు నంబరు వచ్చాక బెలూం టికెట్ల డబ్బు మాత్రం తిరిగొచ్చింది. మిగతాది ఇంకా రావాలి.