వానాడవి తీరంలో కొన్నేళ్లు మోసిన సామాను: ఏది నిలిచింది, ఏది పోయింది

ముందే తేల్చి చెప్పేస్తాను. వానాడవిలో, అదీ సముద్రం పక్కనే నడవడానికి సామాను కొనేటప్పుడు "వాటర్‌ప్రూఫ్" అన్న ముక్క చూసి డబ్బులు పెట్టొద్దు. తడిసింది ఎంతసేపట్లో ఆరుతుంది, లోపలికి వచ్చిన నీళ్లు ఎంత తేలిగ్గా బయటికి పోతాయి, ఈ రెండూ చూసుకుని కొనండి. నేనూ నా స్నేహితురాలూ కొన్నేళ్లుగా ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరంలో బ్యాగులు మోస్తూ తిరుగుతున్నాం. ఇద్దరం బ్రిస్బేన్‌లోనే ఉంటాం కాబట్టి సెలవు దొరికితే అటే పోవడం అలవాటైపోయింది. ఈలోపు కొన్ని వస్తువులు చెడిపోయాయి, కొన్ని మార్చాం, కొన్ని మాత్రం మొదట కొన్నవే ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఎక్కడ వాడామో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. టౌన్స్‌విల్ నుంచి కుక్‌టౌన్ దాకా తీరం వెంబడి ఉన్న ఈ అడవుల్ని వెట్ ట్రాపిక్స్ అంటారు, 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పైన డెయిన్‌ట్రీ వైపు, కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర, అడవి ఏకంగా ఇసుక మీదికే దిగి వస్తుంది. 2021లో అక్కడి డెయిన్‌ట్రీ నేషనల్ పార్కు మళ్లీ దాని అసలు హక్కుదారులైన తూర్పు కుకు యలంజి ఆదివాసీల చేతికి వచ్చింది. కానీ మేం ఎక్కువగా బరువు మోసింది మాత్రం కిందవైపు, హించిన్‌బ్రూక్ దీవిలోని థోర్స్‌బోర్న్ ట్రైల్ మీద. 32 కిలోమీటర్లు, మామూలుగా నాలుగు రోజులు పడుతుంది, దారిలో ఒక్కసారికి 40 మందికి మించి ఉండనివ్వరు. ఒకపక్క 1,121 మీటర్ల మౌంట్ బోవెన్, ఇంకోపక్క పగడాల సముద్రం, మధ్యలో వాగులూ మడ అడవులూ గ్రానైట్ బండలూ. ఆ దీవికి ఎదురుగా, కాస్త ఉత్తరాన టల్లీ అనే ఊరుంది, అక్కడ 7.9 మీటర్ల ఎత్తున ఒక గమ్‌బూట్ (వానకి వేసుకునే రబ్బరు బూటు) బొమ్మ కట్టి పెట్టారు, ఎందుకంటే 1950లో ఆ ఊళ్లో కురిసిన వాన అంత. అలాంటి చోట తడవకుండా ఉండటం ఎవరి వల్లా కాదు.

బూట్ల దగ్గర మొదలుపెడతాను, పాదాలు చెడితే మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు. ఈ దారిలో రోజూ వాగులు దాటాలి, వాన పడిన మర్నాడైతే నీళ్లు మోకాలి పైకి కూడా వస్తాయి. నా స్నేహితురాలు వాడింది చీలమండల పైదాకా వచ్చే తోలు బూట్లు, లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నవి. పైనుంచి ఒక్కసారి నీళ్లు దిగాయంటే ఆ పొరే వాటిని బయటికి పోనివ్వదు, రోజంతా నీళ్లలోనే నడిచినట్టు ఉంటుంది. సాయంత్రానికి పాదాలు నాని తెల్లగా మడతలు పడతాయి, మర్నాడు ఆ మెత్తబడ్డ చర్మం ఒరుసుకుపోయి బొబ్బలు. నావి జాలీ గుడ్డతో చేసిన తేలిక ట్రైల్ షూస్. వాగులోంచి ఒడ్డెక్కి కాస్త దూరం నడిచేసరికి నీళ్లు వాటంతటవే కారిపోతాయి. తడి ఉంటుంది, కానీ నీళ్లు నిలవవు, బరువు పెరగదు. సన్నటి ఊలు సాక్స్ రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటాను, రాత్రి పడుకోవడానికి మాత్రం ఎప్పుడూ తడవనివ్వని ఇంకో జత విడిగా పెట్టుకుంటాను, ఆ ఎనిమిది గంటలూ పాదాలు పొడిగా ఉంటే చాలు, తెల్లారేసరికి కోలుకుంటాయి.

జాలీ షూస్‌లో లోపాలు లేవని కాదు. ఇసుక లోపలికి వస్తుంది, బీచ్ దాటిన ప్రతిసారీ విప్పి దులుపుకోవాలి. అడుగు రబ్బరు మెత్తగా ఉన్నవైతే తడి బండల మీద పట్టు బాగుంటుంది కానీ తొందరగా అరిగిపోతాయి. గట్టి రబ్బరైతే ఎక్కువ కాలం వస్తుంది, నాచు పట్టిన గ్రానైట్ మీద మాత్రం భయమేస్తుంది. నేను మెత్తవే తీసుకుంటాను, చీలమండ విరగడం కన్నా కొత్త షూస్ కొనడం నయం. ఇంకొకటి, శుభ్రం చేయడం కష్టం. ఇక్కడి అడవుల్లో ఫైటోఫ్తొరా అనే తెగులు ఉంది, బురదతో పాటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయి చెట్ల వేళ్లను కుళ్లబెడుతుంది. అందుకే వెళ్లేముందూ వచ్చాకా షూస్ బాగా రుద్ది కడిగి ఆరబెట్టాలి. జాలీలో ఇరుక్కున్న బురద పాత టూత్‌బ్రష్‌తో తప్ప రాదు, కాసేపు పట్టినా ఆ పని తప్పకుండా చేయండి.

తోలు బూట్లు చివరికి పోయింది నడకలో కాదు, ఇంట్లో. పాదం కింద ఉండే పాలియురెథేన్ నురుగు గాలిలో తేమ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే విడిపోతుంది, హైడ్రాలిసిస్ అంటారు. అలమరలో పెట్టినవి తీసి చూస్తే అడుగు పొడిపొడిగా రాలింది. మా టెంట్ పై గుడ్డకీ ఇదే జరిగింది. లోపలివైపు పూసిన పాలియురెథేన్ పూత మొదట జిగటగా అయింది, తర్వాత ఒక రకం పుల్లటి వాసన, ఆ తర్వాత పొరలు పొరలుగా ఊడటం మొదలైంది. అందుకే రెండోసారి సిలికాన్ పూత ఉన్న నైలాన్ టెంట్ కొన్నాం. ఖరీదు ఎక్కువే, అతుకుల దగ్గర టేపు అంటదు కాబట్టి సీలెంట్ మనమే పూసుకోవాలి, అయినా ఇప్పటిదాకా జిగట రాలేదు. ఏ గుడ్డదైనా సరే, ఇంటికి రాగానే నీడలో పూర్తిగా ఆరబెట్టి వదులుగా పెట్టండి, బిగించి చుట్టి సంచిలో కుక్కి దాచొద్దు.

టెంట్ విషయంలో ఇంకో మాట. పై గుడ్డ ముందు కట్టి, దాని కింద లోపలి గది తగిలించుకునే రకమే తీసుకోండి. లోపలి గది ముందు కట్టాల్సిన టెంటైతే, ఈ ట్రైల్ మీది జోయీ బే క్యాంపు లాంటి చోట సాయంత్రం వాన పట్టుకుంటే పై గుడ్డ వేసేలోపే పడుకునే చోటంతా నీళ్లు.

రెయిన్ జాకెట్ గురించి ఎక్కువ చెప్పను. గాలి ఆడే పొర అని అమ్మే ఖరీదైన జాకెట్లు చల్లటి పొడి దేశాల్లో పనిచేస్తాయి, ఎందుకంటే లోపలి చెమట ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలి కన్నా పొడిగా ఉండాలి కదా. ఇక్కడ బయటి గాలే ఆవిరి. జాకెట్ వేసుకుంటే చెమటతో తడుస్తాం, విప్పితే వానతో తడుస్తాం. నడిచేటప్పుడు పల్చటి పొడుగు చేతుల చొక్కాతో తడుస్తూనే పోతాం, జాకెట్ ఆగినప్పుడూ పడవలోనూ గాలి కొట్టకుండా వేసుకోవడానికి మాత్రమే. చవకది సరిపోతుంది.

బ్యాగ్ పైన వేసే రెయిన్ కవర్ కూడా దండగే. ఈ అడవిలో 'వెయిట్ ఎ వైల్' అనే పేము తీగ ఉంటుంది, కొక్కేల్లాంటి ముళ్లతో గుడ్డని పట్టుకుంటే వదలదు, వెనక్కి నడిచి విడిపించుకోవాలి. కవర్లు దానికే చిరిగాయి. పైగా నీళ్లు వీపు వైపు నుంచి ఎలాగూ దిగుతాయి. దాని బదులు బ్యాగ్ లోపల ఒక మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి, సామాను అందులో పెట్టి మూతి మెలితిప్పి మడిచేస్తాం. పైసా ఖర్చు లేనంత చవక, అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే.

ప్యాంటు మాత్రం పొడుగుదే ఉండాలి, ఎంత ఉక్కగా ఉన్నా. జింపీ జింపీ అనే మొక్క దారుల అంచుల్లో, వెలుతురు పడేచోట పెరుగుతుంది, ఆకులు పెద్దగా గుండె ఆకారంలో ఉంటాయి. దాని సన్నటి నూగు చర్మంలో దిగిందంటే నొప్పి నెలల తరబడి తిరగబెట్టొచ్చు, మన దూలగొండి దీని ముందు ఏ మూలకీ రాదు. దోమల మందులో డీట్ ఉన్నది వాడితే ప్లాస్టిక్ వాచీ అద్దమూ, ప్లాస్టిక్ కళ్లద్దాల ఫ్రేమూ, కొన్ని రకాల సాగే గుడ్డా పాడవుతాయి. మేం పికారిడిన్ ఉన్నదానికి మారాం, సామానుకి ఏ ఇబ్బందీ లేదు, జిడ్డు కూడా తక్కువ.

తిండి విషయంలో ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. దీవిలో మంటలు వేయడం నిషేధం, గ్యాస్ స్టవ్ ఒక్కటే దిక్కు, కాబట్టి తక్కువ గ్యాస్‌తో అయ్యేవే పట్టుకెళ్లాలి. అటుకులు చల్లనీళ్లలో నానబెట్టి పులిహోర పేస్ట్ కలిపితే మధ్యాహ్నానికి స్టవ్ వెలిగించే పనే లేదు. వేయించిన ఉప్మా రవ్వలో పోపు ముందే కలిపి ప్యాకెట్లు కట్టుకుంటే మరిగే నీళ్లు పోసి మూతపెట్టడమే. కందిపొడి, పల్లీ పట్టీలు తప్పనిసరి. చెమట అంత కారే చోట ఉప్పూ కారం తగలకపోతే ఒంట్లో సత్తువ ఉండదు. అయితే ఈ వాసనలకి ఎలుకలు వస్తాయి. తెల్లతోక పెద్ద ఎలుకలు ఇక్కడివే, కొబ్బరికాయనే కొరికి తినే పళ్లు వాటివి, టెంట్ గుడ్డ ఒక లెక్కా. తిండి టెంట్‌లో అస్సలు పెట్టొద్దు, క్యాంపుల్లో ఇనుప పెట్టెలు ఉంటే వాటిలో పెట్టండి, ఖాళీ బ్యాగ్‌ని కూడా జిప్పులన్నీ తెరిచి వేలాడదీయండి, లేకపోతే లోపల ఏముందో చూడ్డానికి కన్నం పెడతాయి.

ఇద్దరు కలిసి వెళ్లడం వల్ల బరువు బాగా తగ్గుతుంది. టెంట్, స్టవ్, నీళ్ల ఫిల్టర్ ఒక్కొక్కటే చాలు. కానీ టార్చ్, మందుల సంచి, పొడి బట్టలు, ఒక రోజు తిండి ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలని మేం పెట్టుకున్న నియమం, వాగు మధ్యలో ఒకరు ఆ ఒడ్డున ఒకరు ఈ ఒడ్డున ఉండిపోతే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఆపదలో సిగ్నల్ పంపే లొకేటర్ బీకన్ కూడా ఉండాలి, ఫోన్ సిగ్నల్ దారి పొడవునా దొరకదు. పైగా తేమకి ఫోన్ చార్జింగ్ రంధ్రం తడిసిందని మెసేజ్ చూపించి గంటల తరబడి చార్జ్ ఎక్కదు.

మనిషిని కూడా సామానులాగే చూసుకుని ఎంచుకోవాలి అంటే తప్పుగా అనుకోకండి. ఈ తీరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది నా స్నేహితురాలి ఓపిక. ఆటుపోట్ల పట్టిక చేత్తో రాసుకుని జేబులో పెట్టుకుంటుంది. వాగు మొగ దగ్గరికి రాగానే నేను షూస్ బిగిస్తుంటే, "ఆగవే, ఇంకో గంట కూర్చుంటే నీళ్లు సగానికి తగ్గుతాయి" అంటుంది. కూర్చుంటాం. ఆ మొగల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి, లోతు తెలియని మురికి నీళ్లలో దిగడం కన్నా ఆటు కోసం ఆగడమే సరైనది, ఎంత ఆలస్యమైనా సరే. నవంబర్ నుంచి మే దాకా సముద్రంలో పెట్టె జెల్లీఫిష్‌లు కూడా ఉంటాయి. వేగంగా నడిచే తోడు కన్నా ఆగడం తెలిసిన తోడు దొరికితే వదులుకోకండి.

వెళ్లాలనుకునేవాళ్లకి, జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య బాగుంటుంది, చివరి నెలల్లో కొన్ని వాగులు ఎండిపోతాయి కాబట్టి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో పార్కు వాళ్ల నోటీసుల్లో చూసుకోండి. గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు, దిగాక టౌన్స్‌విల్‌లోనో కెయిర్న్స్‌లోనో కొనుక్కోవాలి. కార్డ్‌వెల్ నుంచి దీవికీ, రెండో చివర జార్జ్ పాయింట్ నుంచి లూసిండాకీ పడవల టైములు పోటుని బట్టి మారుతాయి, అందుకని పర్మిట్ తీసుకునే ముందే పడవ వాళ్లతో మాట్లాడుకోండి, తిరుగు విమానం మాత్రం అదే రోజుకి పెట్టుకోవద్దు.