ఓవర్‌టైమ్‌కు డబ్బా, సెలవా?

అమెరికాలో ఓవర్‌టైమ్ చట్టం వర్తించే నగర ప్రభుత్వ ఉద్యోగి వారంలో 40 గంటలు దాటి పనిచేస్తే, అదనపు గంటకు ఒకటిన్నర రెట్ల జీతం రావాలి. లేదా ముందే ఒప్పందం ఉంటే, గంటకు గంటన్నర చొప్పున జీతంతో కూడిన సెలవు. ప్రైవేటు కంపెనీలకు ఈ రెండో దారి లేదు.

డబ్బు సంగతి సులువు: పన్ను పోను చేతికొస్తుంది. సెలవు దగ్గరే జాగ్రత్త కావాలి. 240 గంటల వరకే పోగేయొచ్చు. పోలీసు, ఫైర్ సిబ్బందికైతే 480. ఆపైన డబ్బే ఇవ్వాలి. అడిగిన రోజే దొరుకుతుందనీ లేదు, పని బాగా దెబ్బతింటుందంటే ఆఫీసు కాదనవచ్చు. ఉద్యోగం మానేస్తే మాత్రం మిగిలిన గంటలకు అప్పటి రేటు, చివరి 3 ఏళ్ల సగటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాల్సిందే.

అద్దె, అప్పుల టెన్షన్ ఉంటే డబ్బే తీసుకోండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే నేనైతే సెలవే అడుగుతాను.