ఐదేళ్లుగా ఫోన్లోనే చరిత్ర పాఠం: పనికొచ్చింది, రానిది

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ మొదలుపెట్టాను, దూరవిద్య బ్యాచ్‌కు ఇప్పటికీ సాయంత్రం క్లాసులు అట్లాగే.

మొదటి ఏడాది దండగ. తళ్లికోట యుద్ధం (1565లో విజయనగరానికీ దక్కన్ సుల్తాన్లకూ జరిగింది) గురించి ఏకబిగిన మాట్లాడి "అర్థమైందా?" అంటే, కెమెరాలు ఆపేసిన 40 గళ్లలోంచి ఒక్క "యెస్ మేడమ్", ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. యుద్ధం సగంలో ఉండగా ఉచిత కాల్ గడువు అయిపోయేది. మళ్లీ లింకు పంపితే సగం మందే వచ్చేవాళ్లు. రానివాళ్లను తప్పు పట్టలేను.

తర్వాత దారి మార్చాను. పాఠాన్ని పది నిమిషాల ఆడియోగా ముందురోజే వాట్సాప్‌లో పెడతాను. డేటా తక్కువ, పాలు పితుకుతూ కూడా వినొచ్చు. కాల్‌లో పాఠం చెప్పను. ఒక ఫొటో, ఒక ప్రశ్న, అంతే.

తిరుపతి దగ్గర చంద్రగిరిలో విజయనగర రాజుల రాజమహల్ ఫొటో పెట్టి, "ఇందులో కట్టె వాడలేదంటారు, మరి పైకప్పు దేనిమీద నిలబడింది?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. (ఆ మౌనాన్ని ఓర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.) పక్కూరి అబ్బాయి మర్నాడు అక్కడికే వెళ్లి వీడియో తీసి పంపాడు: రాయి, ఇటుక, సున్నం, వరసగా ఆర్చీలు. అది చూసి పలమనేరు అమ్మాయి, "ఇవి మసీదులో ఉన్నట్టున్నాయే మేడమ్, సుల్తాన్లతో కొట్లాడిన రాజులు వాళ్ల పద్ధతిలో ఎందుకు కట్టుకున్నారు?" అంది. 1565 యుద్ధాన్ని రెండు మతాల గొడవగా బట్టీపట్టిన క్లాసు అది. అంతకుముందు విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయలు బీజాపూర్ సుల్తాన్‌తో కలిసి అహ్మద్‌నగర్ సుల్తాన్ మీదికి వెళ్లిన సంగతి ఆ సాయంత్రం వాళ్లే పుస్తకంలో వెతికి పట్టుకున్నారు.

కుదరనిది పరీక్ష. అసైన్‌మెంట్ ఇస్తే ఆరుగురి జవాబుల్లో ఒకే అక్షరదోషం! అందుకే ఇప్పుడు ఒక్కొక్కరికి ఫోన్ చేసి మూడేసి నిమిషాలు మాట్లాడతాను: "నువ్వు రాసిన రెండో పేరా నీ మాటల్లో చెప్పు." 40 మందికి రెండు గంటలు. గొంతు పోతుంది గానీ, ఎవరికి వచ్చో తెలిసిపోతుంది.

వంశావళులు, తేదీలకు నల్లబల్లే మేలు. వందమంది క్లాసుకు ఈ పద్ధతి అస్సలు వద్దు. ఇక, ఆడియో రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. నా మొదటి 20 పాఠాల్లో నాకంటే ఫ్యానే ఎక్కువ మాట్లాడింది.